లారీ కాటా దగ్గర చెప్పాల్సిన మాట

చిక్కసూగూరు,
ఆదివారం పొద్దున.

నాయినకు,

నీ బిడ్డ మహాదేవి కాళ్లకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ నువ్వు బాగున్నావని తలుస్తున్నాం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. అమ్మ బాగుంది. తమ్ముడు శివు బాగున్నాడు. నేను బాగా లేను. జ్వరం కాదు, కోపం. రెండు నెలలైంది, ఇంకా దిగలేదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పోస్టాయన దాన్ని చేతికిస్తూ, "ఈ కాలంల గూడ ఉత్తరాలు రాసుకునేటోళ్లు మీ ఇంట్లనే ఉన్నరమ్మా" అని నవ్వాడు. ఎందుకు రాసుకుంటున్నామో ఆయనకేం తెలుసు. "ఫోన్ దొంగ అనిపించుకున్నంక మళ్ల ఫోన్ ముట్టను" అని నీ మొబైల్‌ను అమ్మ ఒళ్లో పడేసి బెంగళూరు బస్సెక్కావు. అందుకే ఇదంతా చేత్తో రాయాల్సి వస్తున్నది. నేను చదివింది కన్నడ బడిలో. నీకొచ్చింది గద్వాల దగ్గర మీ అమ్మమ్మ ఇంట్లో ఐదో తరగతి దాకా చదువుకున్న తెలుగు. ఈ అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు, బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు చూసి పట్టుకున్నాను. ఒత్తులు తప్పితే సర్దుకొని చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మేక ఈనింది. రెండు పిల్లలు, రెండూ ఆడవే. అమ్మ మోకాలి నొప్పి తగ్గలేదు, మందు పూయమంటే "మీ నాయిన వచ్చినంక తగ్గుతదిలే" అంటుంది. శివు ఐటీఐకి రోజూ పోతున్నాడు, పోయి ఏం చేస్తున్నాడో నేను చూడలేదు. పత్తి మిల్లు గేటు దగ్గరి కుక్కకు ఎవరైనా రొట్టె వేస్తున్నారా అని అడిగావు. నేనే వేస్తున్నాను. అది ఇప్పటికీ కొత్త వాచ్‌మన్‌ను చూసి మొరుగుతుంది. ఆ మిల్లులో బుద్ధి ఉన్నది దానికి ఒక్కదానికే.

చివర, "సావుకారితో కొట్లాడకు బిడ్డా, మనకు అన్నం పెట్టిన మనిషి" అని రాశావు. నాయినా, ఆయన మనకు అన్నం పెట్టలేదు. పద్నాలుగేళ్లు ఎండలో, వానలో గేటు దగ్గర నిలబడ్డావు, దానికి జీతం ఇచ్చాడు. అంతే. నీ ఉత్తరం వచ్చేసరికే నేను కొట్లాడడం అయిపోయింది. ఏం జరిగిందో మొదటి నుంచి రాస్తాను. నీకు తెలిసిన సంగతి కూడా మళ్లీ రాస్తాను, ఎందుకంటే ఆ రోజు నువ్వు తల దించుకొని ఉన్నావు. నేను అందరి మొఖాలూ చూశాను.

ఆ సోమవారం పొద్దున లారీ కాటా దగ్గర హాజరీ పడుతున్నది. నలభై మంది హమాలీలు. గురునాథ్ సావుకారి చేతిలో టెలిఫోన్ బిల్లు పట్టుకొని వచ్చాడు, వెనక ఆయన కొడుకు పృథ్వి.

"ఫారిన్‌కు ఫోన్లు!" అని అరిచాడు సావుకారి. "అన్నీ ఆదివారాలు, పండగ దినాలే. ఆ దినాలల్ల మిల్లుల ఎవరుంటరు? చెప్పుండ్రి, ఎవరుంటరు?"

అందరూ నీ వైపు చూశారు.

"హుసేనప్పా, మీ అక్క కొడుకు మౌనేశ్ దుబాయిల ఉన్నడు గదా?"

"ఉన్నడు సావుకారి. వాడు నా మొబైల్‌కు చేస్తడు. గేటు ఫోన్ల నాకు తొమ్మిది తప్ప ఇంకో అంకె తెల్వదు."

అది నిజం. తొమ్మిది నొక్కితే ఆఫీసులో టెలిఫోన్ బోర్డు దగ్గర కూర్చునే నాకు మోగుతుంది. రోజూ ఒంటిగంటకు తొమ్మిది నొక్కి "తిన్నవా?" అనేవాడివి, నేను "తిన్న" అనగానే పెట్టేసేవాడివి. గేటు ఫోన్‌తో నువ్వు చేసిన పని అదొక్కటే.

పృథ్వి నీ గదిలోకి పోయి, గేటు ఫోన్ నుంచి తన మొబైల్‌కే చేసి చూపించాడు. మోగింది. "గేటు ఫోన్‌కు బయటి లైన్ లేకుండ మనమే లాక్ చేపించినం గదా. ఇప్పుడెట్ల పోతున్నది? ఎవరు ఇప్పిండ్రు?" అన్నాడు. ఫోరెన్సిక్ ఆఫీసర్ మాదిరి మొఖం పెట్టి. సగం చదువు చదివినోడి మొఖం అట్లాగే ఉంటుంది, నాది కూడా అట్లాగే ఉంటుందేమో.

అప్పుడు సావుకారి నా వైపు తిరిగాడు. "మహాదేవీ, బోర్డు కాడ ఉండేది నువ్వే. అందరి ముంగట చెప్పు. మీ నాయిన చేసిండా, లేదా?"

"నాకు తెల్వదు" అన్నాను.

నువ్వు ఒక్కసారి తలెత్తి చూశావు. తర్వాత గేటు తాళాలు, నీ కర్ర కాటా మీద పెట్టి నడిచి పోయావు. ఆ మాట సంగతి తర్వాత రాస్తాను. రాయకుండా ఉండను.

నువ్వు పోయిన నెలకు రెండో బిల్లు వచ్చింది. మళ్లీ ఫారిన్ ఫోన్లు, మొదటిసారి కంటే ఎక్కువ. నేను లోపల సంతోషపడ్డాను నాయినా. దొంగ వెళ్లిపోతే దొంగతనం ఆగాలి కదా, ఆగలేదంటే నువ్వు కాదు కదా, ఇంత చిన్న లెక్క ఎవరికైనా తెలుస్తుంది కదా అనుకున్నాను. సావుకారి బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి, పృథ్వితో అన్న మాట నా చెవులతో విన్నాను.

"హుసేనప్ప ఎవరికో నేర్పి పోయినట్టున్నడు."

మనిషి మిల్లులో ఉంటే వాడే దొంగ. లేకపోయినా వాడే దొంగ. నువ్వు బెంగళూరులో రేకుల షెడ్డులో పడుకొని, వేరేవాళ్ల బిల్డింగుకు కాపలా కాస్తూ, ఇక్కడ రాయచూరులో ఫోన్లు చేస్తున్నావట! ఆ బిల్లును బల్ల మీది నుంచి తీసుకొని నా సంచిలో పెట్టుకున్నాను. అడగలేదు. నన్ను కూడా దొంగ అనుకోనీ.

ఇంటికి తెచ్చి, భోజనం కూడా చేయకుండా కూర్చొని నంబర్లు చూశాను. దుబాయ్ నంబరు ముందర తొమ్మిది, ఏడు, ఒకటి ఉంటుంది. మౌనేశ్ నంబర్ నీ మొబైల్‌లో ఉంది, పక్కన పెట్టుకొని చూశాను. బిల్లులో ఒక్కటి కూడా అట్లా మొదలయ్యే నంబరు లేదు. ఒక్కటీ లేదు నాయినా! అన్నీ ఏవో సముద్రం మధ్యలో ఉన్న దీవులు, ఆఫ్రికాలో పేరు పలకడానికి నోరు తిరగని దేశాలు. మన దగ్గర ఫారిన్ అంటే దుబాయే. ప్రతి ఊరి నుంచి ఒకడు అక్కడే ఉంటాడు. అందుకని బిల్లులో ఫారిన్ అని ఉండగానే సావుకారికి దుబాయ్ గుర్తొచ్చింది, దుబాయ్ అనగానే నీ మేనల్లుడు గుర్తొచ్చాడు. పద్నాలుగేళ్లు గేటు కాసిన మనిషి పని పోయింది. ఆ కాగితం మీద మూడంకెలు చూడడానికి ఎంతసేపు పట్టేది? సోడా తాగినంత సేపు కూడా పట్టదు. బీకాం చదివిన పృథ్వి చూడలేదు. పత్తికి రేటు మాట్లాడడానికి రోజూ ఫారిన్‌కు ఫోన్ చేసే సావుకారి చూడలేదు.

మర్నాటి నుంచి ఆ ఫోన్ పెట్టె వెంట పడ్డాను. నీకు తెలుసు కదా, ఆఫీసు వెనక గోడకు ఉంటుంది, బూడిద రంగు డబ్బా. బయటి నుంచి వచ్చే మూడు లైన్లు, లోపలి పన్నెండు ఫోన్లు దానికే తగులుకొని ఉంటాయి. నాలుగేళ్లుగా దాని ముందర కూర్చుంటున్నాను కానీ దాని కడుపులో ఏముందో నాకూ తెలియదు. బీరువాలో దాని పుస్తకం దొరికింది, ఇంగ్లిషులో. మొబైల్‌లో ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ పన్నెండు రోజులు చదివాను. హిందీ వీడియోలు చూశాను. అమ్మ "ఆ పిచ్చి పుస్తకం నీకు తిండి పెడ్తదా" అని తిట్టింది.

పుస్తకంలో ఒక సంగతి దొరికింది. ఆ డబ్బాకు ఒక వైరు తగిలించి ప్రింటరుకు పెడితే, జరిగిన ప్రతి ఫోనూ ఒక వరుసలో అచ్చవుతుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, లోపలి ఏ ఫోన్ నుంచి, బయటి ఏ లైన్ మీద, ఎంతసేపు. మనం పెట్టినప్పటి నుంచి ఆ వైరు ఎవరూ తగిలించలేదు. కాటా చీటీలు అచ్చు వేసే పాత ప్రింటరు మూలకు పడి ఉంటే తెచ్చి తగిలించాను. నాలుగు సార్లు పిచ్చి గీతలు వచ్చాయి. ఐదోసారి అక్షరాలు వచ్చాయి.

ఆ ఆదివారం మిల్లుకు తాళం. సోమవారం పొద్దున పోయి చూస్తే నేల మీద మూరెడు కాగితం కిందికి జారి ఉంది. ఫారిన్ ఫోన్లు పదకొండు. ప్రతి వరుసలోనూ లోపలి ఫోన్ నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. దాని బదులు "రెండో లైన్" అని ఉంది. రెండో లైన్ మీద లోపలికి వచ్చి, మూడో లైన్ మీద బయటికి పోయింది. ఎవరో ఎక్కడి నుంచో మన మిల్లుకు ఫోన్ చేస్తున్నాడు, డబ్బా తలుపు తీస్తున్నది, వాడు మన లైన్ పట్టుకొని ఎక్కడికో మాట్లాడుతున్నాడు. మిల్లులో ఎవరూ రిసీవరు ఎత్తడం లేదు. ఎత్తాల్సిన పనే లేదు.

డబ్బాను పెట్టిన సూగురేశ్‌కు ఫోన్ చేశాను, మాన్వి బస్టాండు దగ్గర దుకాణం అతనిది.

"అవునమ్మా, దాంట్ల అట్లాంటి సౌకర్యం ఉంటది" అన్నాడు తీరిగ్గా. "సావుకారి బయటూరికి పోయినప్పుడు, మిల్లుకు ఫోన్ చేసి కోడ్ కొడితే మిల్లు లైన్ మీద మాట్లాడొచ్చు. నేను అది బంద్ చేసే పెట్టిన. గేటుకూ గోదాముకూ లాక్ గూడ ఏసిన."

"బంద్ చేసింది మళ్ల ఎట్ల తెరుచుకున్నది?"

"బ్యాటరీ మార్చిండ్రా?"

"ఏ బ్యాటరీ?"

"లోపల రూపాయి బిళ్ల మాదిరి ఒకటుంటది. మూడేండ్లకోసారి మార్చాలె. అది పోయినంక కరెంటు గూడ పోతే, డబ్బా అన్నీ మరిచిపోతది. కంపెనీ నుంచి వచ్చిననాడు ఎట్లుంటదో గట్లయితది. తలుపులన్నీ తెరుసుకుంటయి. కోడ్ గూడ కంపెనీదే వస్తది."

"మూడేండ్లకోసారి మార్చాలని మాకు చెప్పినవా?"

"మీరు అడగలే గదా."

ఫోన్లోంచి చెయ్యి పెట్టి కొట్టే వీలుంటే కొట్టేదాన్ని. కంపెనీ కోడ్ పుస్తకం మూడో పేజీలో అచ్చు వేసి ఉంది. ఆ పుస్తకం ఇంటర్నెట్‌లో ఎవరికంటే వాళ్లకు దొరుకుతుంది. దొంగలు మిషన్లు పెట్టి ప్రపంచంలో ఉన్న నంబర్లన్నీ వరుసగా కొట్టి చూస్తారట, ఏది తెరుచుకుంటుందా అని. మనది తెరుచుకుంది.

ఆ రోజే కోడ్ మార్చేసేదాన్ని. మార్చలేదు. మారిస్తే దొంగతనం ఆగిపోతుంది, ఆగిపోతే సావుకారి "చూసినవా, హుసేనప్ప మనిషి భయపడి ఆపిండు" అంటాడు. ఆ నోటి సంగతి నాకు తెలుసు. దొంగను కళ్లకు చూపించాలి అనుకున్నాను. దానికి మిల్లులో మనిషన్నవాడు ఉండకూడదు, కానీ సావుకారి ఉండాలి. అట్లాంటి రోజు ఏడాదికి ఒక్కటే వస్తుంది.

ఎళ్ల అమాస. పంటకు పూజ చేసి చేలోనే తినడానికి ఊరు ఊరంతా సజ్జ రొట్టెలు, పుండికూర మూటలు కట్టుకొని చేలకు పోయింది. హమాలీలు కూడా పోయారు, వాచ్‌మన్ కూడా పోయాడు. అమ్మ నన్ను కూడా చేనుకు రమ్మంది, రానన్నాను. "ఏడాదికోసారి వచ్చే పండగ, నీకు ఆ డబ్బానే దేవుడా" అని అలిగి పోయింది. ప్రతి అమాసకు సావుకారి భార్యతో వచ్చి ఆఫీసులో లక్ష్మీపూజ చేసి పోతాడు కదా. వాళ్లు వచ్చేలోగా పన్నెండు ఫోన్లూ గోడల్లోంచి పీకి, వైర్లు చుట్టి, పత్తి శాంపిల్ చూసే బల్ల మీద వరుసగా పెట్టాను. నీ గేటు ఫోన్ అన్నిటికంటే ముందర పెట్టాను.

సావుకారి భార్య సౌభాగ్యలక్ష్మమ్మ కొబ్బరికాయ పట్టుకొని లోపలికి వచ్చి నవ్వింది. "ఏందే మహాదేవీ, ఫోన్లకు గూడ పూజ చేపిస్తున్నవా?"

"లేదమ్మా. సావుకారికి దొంగను చూపిస్త. జర సేపు కూసోండ్రి."

"ఎవరా దొంగ?" అన్నాడు సావుకారి.

"ఇయ్యాల మిల్లుల ఎవరెవరున్నరు సావుకారి?"

"మనం ముగ్గురం."

"ఫోన్లు ఎన్ని ఉన్నయి?"

ఆయన బల్ల వైపు చూశాడు. ఒక్కొక్కటీ చేత్తో తడిమాడు. "పన్నెండూ ఈడనే ఉన్నయి. పీకేసినవు గదా. నాటకాలు ఆడకు, పూజకు టైమయితుంది."

పూజ అయింది. హారతి అయింది. ఏమీ జరగలేదు. సావుకారి చెప్పులేసుకున్నాడు. అప్పుడు డబ్బా మీద రెండో లైన్ దీపం ఎర్రగా వెలిగింది. కాసేపటికి మూడో లైన్ దీపం కూడా.

"అది ఏంది?" అన్నాడు.

"ఫోన్ పోతున్నది."

"ఎవరు చేస్తున్నరు?"

"మీరే చెప్పుండ్రి. హుసేనప్ప బెంగళూర్ల ఉన్నడు. ఆయన నేర్పి పోయినోడు ఎక్కడున్నడో బల్ల కింద చూడుండ్రి."

సౌభాగ్యలక్ష్మమ్మ నిజంగానే బల్ల కింద చూసింది, పాపం. ముగ్గురం ఆ రెండు దీపాల ముందర నిలబడ్డాం. ఏడు నిమిషాలకు దీపాలు ఆరాయి. ప్రింటరు టకటక కొట్టి ఒక వరుస అచ్చేసింది. చించి ఆయన చేతికిచ్చాను. దేశం కోడ్ కింద గోటితో గీత గీశాను. "ఇది దుబాయ్ కాదు సావుకారి. మొదటి దినం నుంచి ఒక్కటి గూడ దుబాయ్ కాదు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. మీ నాయినను రమ్మను. పని ఇస్త" అన్నాడు.

"అంతేనా?"

"ఇంకేం గావాలె?"

"కాటా కాడ అన్నరు. కాటా కాడనే చెప్పాలె."

"హమాలీల ముంగట నిలబడి నేను తప్పు చేసిన అని చెప్పాల్నా? నెత్తి చెడిందా నీకు? రేపటి నుంచి నా మాట ఎవడింటడు?"

"మా నాయినను అందరి ముంగట దొంగ అన్నప్పుడు మీ నెత్తి బాగుండెనా?"

సౌభాగ్యలక్ష్మమ్మ "గిట్ల మాట్లాడకే" అని నా చెయ్యి పట్టుకుంది. సావుకారి కారెక్కాడు. డబ్బాలో పాత కోడ్ తీసేసి కొత్తది పెట్టాను, ఆ సౌకర్యం మొత్తం మూసేశాను, రూపాయి బిళ్ల బ్యాటరీ కొత్తది వేశాను. పన్నెండు ఫోన్లూ మళ్లీ గోడలకు తగిలించాను. అన్నీ బాగైపోయాయి. నీ పేరు మాత్రం కాటా దగ్గరే పడి ఉంది.

నాయినా, ఇక్కడ ఆపి, లేచి నీళ్లు తాగి వచ్చాను. ఇప్పటిదాకా రాసింది చదివి నువ్వు "నా బిడ్డ" అనుకుంటూ ఉంటావు. అనుకోకు. ఇప్పుడు రాసేది చదువు.

పన్నెండు రోజులు పుస్తకం చదివినప్పుడు ఇంకొకటి వెతికాను. డబ్బాకు కరెంటు ఎప్పుడు పోయింది? మన దగ్గర కరెంటు రోజూ పోతుంది, కానీ డబ్బాకు ఇన్వర్టరు ఉంది, ఐదేళ్లలో అది ఒక్కసారి కూడా ఆగలేదు. పాత బిల్లు తీసి చూస్తే, మొదటి ఫారిన్ ఫోన్ దసరా అయిన నాలుగో రోజున ఉంది. దసరా అని చూడగానే నేను చేసిన పని గుర్తొచ్చింది.

ఆయుధ పూజ నాడు మిల్లులో అన్ని మిషన్లూ ఆపి, కడిగి, కుంకుమ పెడతారు. కాటాకు పూజ, లారీలకు పూజ, చివరికి పృథ్వి మోటారు సైకిల్‌కు కూడా పూజ. ఫోన్ డబ్బాను మాత్రం ఏ ఏడూ ఆపరు, పత్తి కొనేవాళ్ల ఫోన్లు వస్తాయని. ఈసారి నేను పట్టుబట్టాను. "హమాలీల కాటాకు ఇద్దరు అయ్యగార్లు గావాలె, నా మిషన్‌కు కుంకుమ బొట్టు గూడ వద్దా?" అని సావుకారితో గొడవ పెట్టుకున్నాను. ఆయన నవ్వి, "సరే, చేసుకో పో" అన్నాడు. పూజ రోజు మిషన్ విశ్రాంతిలో ఉండాలి కదా. డబ్బా తీగ పీకాను. ఇన్వర్టరు కూడా మిషనే కదా అని దాన్నీ ఆపాను. ఆ డబ్బాకు నా చేతులతో బంతిపూల దండ వేశాను. మర్నాడు బన్ని ఆకులు, మీ గద్వాల వైపు జమ్మి అంటారు కదా, అవి పంచుకున్నాక మళ్లీ పెట్టాను. ఫోన్లన్నీ మామూలుగానే మోగాయి. తాళాలు ఊడిపోయినట్టు ఎవరికీ తెలియలేదు.

దొంగకు తలుపు తీసింది నేను. దండ వేసి మరీ తీశాను.

ఇది ఒకటి. దీన్ని తెలియక చేశానని నన్ను నేను క్షమించుకోగలను. రెండోది క్షమించుకోలేను. ఆ సోమవారం "నాకు తెల్వదు" అన్నప్పుడు, భయపడి అన్నానని నువ్వు అనుకొని ఉంటావు. అమ్మ కూడా అట్లాగే అనుకుంది. భయం కాదు. అంతకు ముందరి ఆదివారం నీకు అన్నం తెచ్చినప్పుడు, నీ గది కిటికీ బయట నిలబడి విన్నాను. "అరే మౌనేశా, ఆడ ఎండలు ఎట్లున్నయిరా" అని గట్టిగా మాట్లాడుతున్నావు. వాడు నీ మొబైల్‌కే చేశాడని ఇప్పుడు తెలుసు. నేను కిటికీలోంచి తొంగి చూడలేదు. నిన్ను అడగలేదు. కాటా దగ్గర సావుకారి దుబాయ్ అనగానే అది గుర్తొచ్చి, అవును, మా నాయిన చేసి ఉంటాడు అనుకున్నాను. సావుకారి నిన్ను దొంగ అనుకున్నాడని రెండు నెలలు ఆయన మీద మండిపడ్డాను. నాయినా, నేను కూడా అనుకున్నాను. ఆయన నీకు ఎవరు? నేను నీ బిడ్డను.

సరే. మిగతాది విను.

అమాస అయ్యాక వచ్చిన సోమవారం హాజరీ వేళకు సావుకారి దగ్గరికి పోయి, తీగ పీకింది నేనే అని చెప్పాను. ఆయన మొఖం ఎర్రబడింది. "ఇంత నష్టం చేసి, నా మీదనే అరిచినవా?" అని చెయ్యి ఎత్తాడు, మళ్లీ దించాడు.

"తిట్టుండ్రి. కానీ ఈడ కాదు" అన్నాను. "మా నాయినను ఏడ తిట్టిండ్రో ఆడ నిలబెట్టి తిట్టుండ్రి. అందరి ముంగట."

నేనే నడిచిపోయి కాటా మధ్యలో నిలబడ్డాను. హమాలీలందరూ చూస్తున్నారు. సావుకారి కోపంగా నా వెనకే వచ్చి కాటా పక్కన ఆగాడు. నేను అనుకున్నది అదే. ఆయనకు కోపం వస్తే ఆగడని నాకు తెలుసు. నన్ను తిట్టాలంటే ఏం తప్పు చేశానో చెప్పాలి. అది చెప్పాలంటే నీది తప్పు కాదని చెప్పకుండా నోరు తిరగదు.

"చూడుండ్రి దీన్ని!" అని మొదలుపెట్టాడు. "దీని పూజ, దీని డబ్బా! ఇది తీగ పీకి దొంగలకు లైన్ ఇచ్చింది! దీని పనికి నేను ఆ హుసేనప్పను..." అని ఆగాడు.

నలభై మంది. అందరూ కాటాకు దగ్గరగా జరిగారు. గోదాము పెద్ద నింగప్ప, బీడీ చెవి మీద పెట్టుకొని, మెల్లగా అడిగాడు. "హుసేనప్పను ఏం సావుకారి?"

సావుకారి నన్ను చూశాడు. నింగప్పను చూశాడు. "హుసేనప్పది ఏం తప్పు లేదు. ఫోన్లు ఆయన చేయలే" అన్నాడు.

"ఏంది సావుకారి? వెనకోళ్లకు వినపడలే" అన్నాడు నింగప్ప. వెనక ఎవరూ లేరు నాయినా, గోడ ఉంది.

"హుసేనప్ప దొంగ కాదు!" అని అరిచాడు సావుకారి. మొదటిసారి బిల్లు పట్టుకొని అరిచినంత గట్టిగానే అరిచాడు. క్షమించమని అనలేదు. ఆ మాట ఆయన నోట రాదు, నేను కూడా దానికోసం నిలబడలేదు.

అప్పుడు కాటా గదిలోంచి ఎవరో, "మహాదేవి నలభై కిలోలు" అని కేక వేశాడు. అందరూ నవ్వారు. ఆ కాటా లారీలకు కదా, ఇరవై కిలోల లెక్కనే చూపిస్తుంది. నేను నలభై ఏడు ఉంటాను. నాకూ నవ్వొచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, రెండూ అక్కడే నిలబడి కానిచ్చాను.

నన్ను పనిలోంచి తీసేస్తాడని అందరూ అనుకున్నారు. సాయంత్రం బోర్డు దగ్గరికి వచ్చి, "ఆ కొత్త కోడ్ ఎవరెవరికి తెలుసు?" అన్నాడు. నాకొక్కదానికే అన్నాను. "రాసి నా బీరువాల పెట్టు. పెట్టి నీ పని చేసుకో" అని పోయాడు. నీ కర్ర, తాళాలు నీ గదిలోనే పెట్టించాడు. కొత్త వాచ్‌మన్‌ను గోదాముకు మార్చాడు. నువ్వు వస్తావని ఆయన అనుకుంటున్నాడు. రావాలో వద్దో నువ్వే చెప్పు, నేను రమ్మని అడగను. అడిగే మొఖం నాకు లేదు. ఆయన మీద నా కోపం కూడా ఇంకా పోలేదు, పోవాలని కూడా లేదు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈ ఉత్తరం చదివాక నన్ను తిట్టాలని నీకు అనిపిస్తుంది. అనిపించాలి. ఉత్తరంలో తిడితే ఇక్కడికి చేరేసరికి ఐదు రోజులు పడుతుంది, ఐదు రోజుల్లో నీ కోపం చల్లారిపోతుంది, నువ్వు అట్లాంటివాడివి. అందుకని నాయినా, పక్కన ఎవరి ఫోనైనా తీసుకొని తిట్టు. మిల్లు నంబరు పాతదే. నేను ఒంటిగంటకు బోర్డు దగ్గరే ఉంటాను. ప్రింటరు వైరు తీసేయలేదు. నువ్వు చేస్తే ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు తిట్టావో అన్నీ కాగితం మీద పడతాయి. ఆ వరుస చించి ఇంటికి తెచ్చి అమ్మకు ఇస్తాను.

తిట్టడం అయ్యాక, ఓపిక ఉంటే, తిన్నావా అని కూడా అడుగు.

ఇట్లు,
అందరి ముంగట "తెల్వదు" అన్న నీ బిడ్డ,
మహాదేవి.